హాజరు పట్టీలో నా కడుపు

పదో తరగతి పిల్లలకి జీర్ణవ్యవస్థ పాఠం ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. నోటి దగ్గర మొదలై లాలాజలం, ఆహారవాహిక, జీర్ణాశయం, పైత్యరసం, చిన్నపేగులోని ఆంత్రచూషకాల దాకా మూడు పీరియడ్లు తీరిగ్గా నడుస్తుంది. పెద్దపేగు దగ్గరికి వచ్చేసరికి నాకూ తొందరే, పిల్లలకీ తొందరే. "నీళ్లు పీల్చుకుంటుంది, మిగిలింది పురీషనాళం నుంచి పాయువు ద్వారా బయటికి పోతుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేసేదాన్ని. 'పాయువు' అనగానే వెనక బెంచీల్లో కిసకిసలు. వాటికి అడ్డం పడటానికి బోర్డు మీద ప్రశ్నలు రాయడం మొదలుపెట్టేదాన్ని.

నా కథంతా ఆ ఒక్క వాక్యంలోనే నడిచింది.

పోయినేడాది జులైలో బడి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. నాకు 46 ఏళ్లు, రెండేళ్లుగా నెలసరి ఎక్కువగానే అవుతోంది. చూసిన డాక్టరమ్మ తల కూడా ఎత్తకుండా "ఈ వయసులో ఆడవాళ్లకి మామూలేనమ్మా" అని ఐరన్ మాత్రలు రాసిచ్చింది. నేనూ సరేననుకున్నాను. స్టాఫ్‌రూంలో ఆరుగురం ఆడవాళ్లం, అందులో నలుగురి బ్యాగుల్లో అవే మాత్రలు.

ఒక రోజు పొద్దున మోటారు కాలిపోయి ట్యాంకులో నీళ్లు లేవు. ఫ్లష్ నొక్కితే రాలేదు. బకెట్‌తో పొయ్యడానికి వంగినప్పుడు చూశాను. నల్లగా ఉంది. ముదురు గోధుమ రంగు కాదు, బొగ్గు నలుపు. అప్పుడు తట్టిన మొదటి సంగతి ఆ నలుపు కాదు. నాది నేను చూసుకుని ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. మోకాళ్ల నొప్పులని పాత దొడ్డి తీయించి కమోడ్ పెట్టించుకున్నాక, కూర్చోవడం, నొక్కడం, లేవడం, అంతే. కింద కూర్చునే పాత దొడ్లో చూడకుండా తప్పించుకోవడం కుదిరేది కాదు. ఈ తెల్ల కుర్చీ వచ్చాక అంతా నీళ్లలోకి పోతుంది, చూసే పనే లేదు.

మా అత్తమ్మకి చెప్పాను. ఆమెకి 76. ఇలాంటి విషయాల్లో ఆమెకి సిగ్గు లేదు, నాకే ఉంది.

"నీ బిడ్డ పుట్టినప్పుడు రోజూ గుడ్డ విప్పి చూసేదాన్ని. పచ్చగా పోయిందా, పసుపచ్చగా పోయిందా, జిగురుందా, నురగుందా అని. ఇరుగమ్మకీ పొరుగమ్మకీ చూపించి మరీ అడిగేదాన్ని. పెద్దయినంక ఎవరిది వాళ్లే చూసుకోవాలి. మీరేమో చూడరాయె" అంది.

నిజమే. చంటిబిడ్డ విరేచనం మా ఇంట్లో బహిరంగ విషయం. తల్లిపాలు తాగే బిడ్డకి ఆవపిండి కలిపినట్టు పసుపచ్చగా పోతే అందరికీ నిశ్చింత. నాలుగు రోజులు పోకపోతే ఫోన్లు. అదే బిడ్డకి పదేళ్లొచ్చాక ఆ మాటెత్తితే "ఛీ" అంటాం. వేసవి సెలవులకి వెళ్తే మా నాయనమ్మ ముక్కు మూసి ఆముదం పట్టేది, కడుపు శుద్ధి కావాలని. ఆ మధ్యాహ్నమంతా మనవలు మనవరాళ్లు వరసగా పెరట్లోకి పరుగులు. ఎవరెన్నిసార్లు వెళ్లారో ఆవిడ అరుగు మీద కూర్చుని లెక్కపెట్టేది. ఆవిడ తర్వాత నా లెక్క ఎవరూ పెట్టలేదు, నాతో సహా.

నలుపు ఐరన్ మాత్రల వల్లేనని మందుల షాపతను చెప్పాడు. అది నిజమే. ఒంటికి పట్టని ఇనుము పేగులోనే ఉండిపోయి మలాన్ని నల్లగానో నల్లటి ఆకుపచ్చగానో చేస్తుంది, భయపడాల్సింది కాదు. కాని నేను జీవశాస్త్రం టీచర్ని. కడుపులో రక్తం కారినా నల్లగానే వస్తుందని నాకు తెలుసు. రక్తం తగ్గిందని వేసుకున్న మాత్రే, రక్తం పోతున్న గుర్తుని కప్పేస్తుంటే ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న పట్టుకుని ఖమ్మంలో ఒక గ్యాస్ట్రో (కడుపు, పేగుల) డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆయన ముందు నలుపు గురించి అడగలేదు.

"మోషన్ ఎలా ఉంటుందమ్మా?"

"మామూలే సార్."

"మామూలంటే?"

నోట మాట రాలేదు. అదే ప్రశ్న ఒక విద్యార్థిని అడిగి, 'మామూలే టీచర్' అంటే ఊరుకుంటానా? రోజూ వెళ్తారా అన్నారు. ఒక్కోసారి రెండు రోజులకి, మూడు రోజులకి అన్నాను. ఎన్నాళ్లుగా అన్నారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అని నోటికొచ్చింది. అన్నాక నాకే వింతగా అనిపించింది. అంతకుముందు ఎప్పుడూ ఆ రెండిటినీ కలిపి చూడలేదు.

రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎలా ఉన్నా ఆరోగ్యమే కావచ్చు, లెక్క కంటే రూపం చూడాలి అని డ్రాయర్లోంచి ఒక లామినేషన్ కాగితం తీశారు. ఏడు బొమ్మలు. బ్రిస్టల్ చార్ట్ అంటారట. ఇంగ్లండులో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ లూయిస్, కెన్ హీటన్ అనే ఇద్దరు 1997లో దాని మీద పరిశోధన వ్యాసం ప్రచురించారు. మలం పేగులో ఎంతసేపు ఉందో దాని రూపం చూసి చెప్పొచ్చన్నది అందులో అసలు సంగతి.

ఆ బొమ్మల కింద ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను మనసులోనే మన భాషలోకి మార్చుకున్నాను. ఒకటో రకం మేక పెంటికలు, మారుమాట లేదు. రెండోది ఆ పెంటికలే ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు గడ్డలుగా ఉన్న కడ్డీ. మూడోది కడ్డీయే, పైన ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు. నాలుగోది మగ్గిన చక్కెరకేళి, నున్నగా, మెత్తగా. అయిదోది అంచులు తెలిసే మెత్తటి ముక్కలు. ఆరోది పప్పులా ముద్దముద్దగా, అంచులు చెదిరిపోయి. ఏడోది గంజి. మూడు, నాలుగు రకాలు మేలు. ఒకటి, రెండు వస్తున్నాయంటే పెద్దపేగులో ఎక్కువసేపు పడి ఉండి నీళ్లన్నీ పిండుకుపోయాయని. ఆరు, ఏడు అంటే నీళ్లు పీల్చుకునే వ్యవధి లేకుండా పరిగెత్తిందని. రోజుకి లీటరు, లీటరున్నర ద్రవం చిన్నపేగు నుంచి పెద్దపేగుకి చేరితే, చివరికి బయటికి వచ్చేది వంద, నూట యాభై మిల్లీలీటర్లే. మిగతా నీళ్లన్నీ అక్కడే వెనక్కి వెళ్తాయి. నేను ఒక్క వాక్యంలో ముగించే పాఠం ఇదే.

ఆయన రెండు పనులు చెప్పారు. నాలుగు వారాలు రాసి తీసుకురండి. వారం రోజులు ఐరన్ ఆపి, రంగు మారుతుందో లేదో చూసి, మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో పరీక్షకి ఇవ్వండి.

రాయడానికి ఇంట్లో దొరికింది పాత హాజరు పట్టీ. సగం ఖాళీ. రోల్ నంబర్ల చోట రోజులు వేసుకుని, వెళ్లిన రోజు రకం నంబరు, వెళ్లని రోజు ఎర్ర సిరాతో గైర్హాజరు. మా ఆయన చూసి "లీవ్ లెటర్ లేకుండా మూడు రోజులు వరసగా రాకపోతే పేరెంట్స్‌ని పిలిపించవా?" అన్నాడు. నవ్వాను గాని, పది రోజులు తిరిగేసరికి ఆ పేజీ నవ్వేలా లేదు.

28 రోజుల్లో 12 హాజర్లు. అందులో బడి ఉన్న రోజులవి ఎనిమిది, అన్నీ ఒకటో రకమో రెండో రకమో. నాలుగు ఆదివారాలూ మాత్రం తప్పకుండా హాజరు. ముందు గట్టిగా, వెనకాల సాఫీగా, మూడో రకం. అదే కడుపు, అదే తిండి. తేడా ఏమిటంటే ఆదివారం నాకు 7:40 బస్సు లేదు.

నా దినచర్య చెప్పాలి. అయిదింటికి లేవడం, వంట, డబ్బాలు కట్టడం, నిలబడే రెండు ఇడ్లీలు నోట్లో వేసుకోవడం, బస్సు. సరిగ్గా ఆ ఇడ్లీలు లోపలికి వెళ్లిన పావుగంటకి కడుపు కదులుతుంది. జీర్ణాశయంలో ఏదైనా పడగానే పెద్దపేగుకి కబురు వెళ్తుంది, చోటు ఖాళీ చేయమని. ఉదయం పూట ఆ కదలిక మరీ బలంగా ఉంటుంది. నాకు ఆ కబురు వచ్చే వేళకి నేను బస్సులో ఉంటాను. బిగబట్టుకుంటాను. బడికి చేరేసరికి అది సద్దుమణుగుతుంది. అక్కడ టీచర్లకని ఒక గది ఉంది గాని గొళ్లెం సరిగా పడదు, నీళ్లు వచ్చిన రోజు వస్తాయి. అందుకని ఆడ టీచర్లం చాలామందిమి నీళ్లు తాగడమే తగ్గించాం. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేదాకా అర సీసా. ఇరవై రెండేళ్లు ఇలా బిగబట్టిన పురీషనాళం చివరికి పిలవడం మానుకుంది. పిలిచినా నేను పలకనని దానికి తెలుసు.

మధ్యలో ఒక పరీక్ష నేనే పెట్టుకున్నాను. మొక్కజొన్న గింజ పైతొక్క మనకి అరగదు, ఎలా వెళ్లింది అలాగే వస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కంకి ఉడకబెట్టుకుని తిని టైము రాసుకున్నాను. బుధవారం సాయంత్రం కనపడింది. మూడు రోజుల పైమాట. ఐరన్ ఆపాక నలుపు పోవడానికి అయిదు రోజులు పట్టడం కూడా దీంతో సరిపోయింది. మలానికి గోధుమ రంగు పైత్యరసం నుంచే వస్తుంది. పాత ఎర్రకణాలు విరిగితే బైలిరూబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది, అది పైత్యంతో పేగులోకి వచ్చి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో స్టెర్కోబిలిన్ అనే గోధుమ పదార్థంగా మారుతుంది. ఆరో రోజు ఆ రంగు చూసి, ఎవరికీ చెప్పుకోలేని సంతోషం.

శాంపిల్ ఇవ్వడం దానికదే ఒక కథ. ల్యాబ్‌లో చిన్న డబ్బా ఇచ్చారు, మూతకే లోపల బుల్లి చెంచా. శనగ గింజంత చాలు, నీళ్లు గాని మూత్రం గాని కలవకూడదు, నెలసరి అయ్యాక మూడు రోజులు ఆగి ఇవ్వాలి, తీసిన వెంటనే తెచ్చివ్వాలి. చదవడానికి బాగానే ఉంది. కమోడ్ మీద కూర్చుని నీళ్లు తగలకుండా ఎలా తీస్తారు? చివరికి పాత న్యూస్‌పేపరు నేల మీద పరిచి, మోకాళ్లు మొత్తుకుంటుంటే గోడ పట్టుకుని కూర్చుని పని కానిచ్చాను. డబ్బాని కవర్లో, కవర్ని ఇంకో కవర్లో, దాన్ని నా లంచ్ బ్యాగులో పెట్టుకుని మా ఆయన బండి మీద వెళ్లాను. కౌంటర్ దగ్గర ఇరవై మంది. అబ్బాయి బ్యాగు చూసి గట్టిగా "మోషనా మేడమ్?" అన్నాడు. తలూపాను. డబ్బా మీద పేరు రాసి, తలెత్తి, కళ్లు పెద్దవి చేసి, "నమస్తే టీచర్! నేను మీ స్టూడెంట్‌ని టీచర్, 2016 బ్యాచ్" అని లేచి నిలబడ్డాడు. ఆ డబ్బాని రెండు చేతులతో పట్టుకుని.

రిపోర్టులో పాజిటివ్ వచ్చింది.

డాక్టరు హాజరు పట్టీ ముందు చదివారు, రిపోర్టు తర్వాత. "ఇంత బాగా రాసినవాళ్లని చూళ్లేదు" అన్నారు. మలబద్ధకం కారణం పట్టీలోనే ఉంది, దాని సంగతి చూద్దాం. రక్తం మాత్రం వేరే లెక్క. ఈ పరీక్ష పట్టేది ముఖ్యంగా పెద్దపేగు రక్తాన్ని. ముక్కి ముక్కి వచ్చిన మొలలు కావచ్చు, పాయువు దగ్గర చీలిక (ఫిషర్) కావచ్చు. "కాని 45 దాటిన మనిషికి, రక్తం తక్కువ ఉన్న మనిషికి, చూడకుండా మొలలే అని చెప్పను" అన్నారు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఉన్నట్టుండి అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉండిపోవడం, ఇంట్లో దగ్గరివాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏదున్నా ఇసబ్గోల్ తాగి ఊరుకునే వ్యవహారం కాదట. మధ్యలో మా అత్తమ్మ కల్పించుకుని, తనకి రెండు రోజుల కిందట ఎర్రగా పోయిందని చెప్పింది. ఏం తిన్నావమ్మా అని ఆయన అడిగితే, బీట్‌రూట్ కూర. మాకందరికీ నవ్వు. ఆయన నవ్వుతూనే, ఎరుపుకి బీట్‌రూట్ ఉంది గాని తెలుపుకి సాకు లేదు అన్నారు. సుద్దలా తెల్లగా పోతే పైత్యరసం దారి ఎక్కడో మూసుకుపోయిందని. నూనె తేలుతూ, కంపు కొడుతూ, నీళ్లు పోసినా కమోడ్‌కి అంటుకుపోతుంటే కొవ్వు అరగడం లేదని.

పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ పరీక్ష హైదరాబాదులో చేయించుకున్నాను, దసరా సెలవుల్లో, సెలవు పెట్టక్కర్లేదని. అక్కడ మా అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లతో అద్దెకి ఉంటుంది. బాత్రూం ఒక్కటే.

వారం ముందే మళ్లీ ఐరన్ ఆపించారు. ఆ నలుపు పేగు గోడలకి పట్టుకుని కెమెరాకి ఏమీ కనపడనివ్వదట. రెండు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, గింజలున్న పళ్లు, టమాటా, నువ్వులు బంద్. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ. పీచు తినమని అందరూ చెప్పే లోకంలో పీచు ముట్టొద్దని చెప్పిన రోజులు అవే. ముందు రోజు మధ్యాహ్నం నుంచి కొబ్బరినీళ్లు, వడకట్టిన చారు, పాలు లేని టీ. ఎర్ర రంగు పానీయాలు వద్దన్నారు, లోపల చూస్తే రక్తమనుకుంటారని.

సాయంత్రం పొడి కలిపిన నీళ్లు. రెండు లీటర్లు, సగం రాత్రి, సగం తెల్లవారుజామున. పాలిథిలిన్ గ్లైకాల్ అనే ఆ పొడి ఒంటికి పట్టదు, నీళ్లని పట్టుకుని పేగులోనే ఉంచుతుంది. పావుగంటకో గ్లాసు. రుచి ఉప్పేసిన నిమ్మ షర్బత్తుకి చక్కెర మర్చిపోయినట్టు. ఫ్రిజ్‌లో పెట్టి తాగితే మింగుడు పడింది. మొదటి మూడు గ్లాసులకి ఏమీ లేదు. నా కడుపు అంత తేలిగ్గా లొంగదు అనుకుని గర్వపడుతున్నాను. నాలుగో గ్లాసు సగంలో లేచాను. ఆ తర్వాత కూర్చున్నది తక్కువ.

అమ్మాయి స్నేహితురాళ్లు నన్ను చూసి, "ఆంటీ, మేం సెకండ్ షోకి వెళ్తున్నాం, బాత్రూం మీదే" అని చెప్పి వెళ్లిపోయారు. బంగారు తల్లులు.

ఆ రాత్రి బ్రిస్టల్ చార్టంతా పై నుంచి కిందికి నా కళ్ల ముందు నడిచింది. ముందు పెంటికలు, తర్వాత ముక్కలు, ముద్ద, గంజి, బురద నీళ్లు, పసుపు నీళ్లు. తెల్లారి నాలుగున్నరకి సన్నటి టీ డికాషన్ రంగు. ఆరింటికి అడుగు కనపడేంత తేట. నర్సు ముందే చెప్పింది, మూత్రంలా కనపడేదాకా అవ్వాలని. ఒక్క సలహా ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. మొదటి గ్లాసుకి ముందే కింద కొబ్బరినూనె రాసుకోండి. పదోసారి తర్వాత గుర్తొస్తే లాభం లేదు.

అసలు పరీక్ష గురించి చెప్పడానికేమీ లేదు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టారు, చేతికి పాలలాంటి తెల్లటి మందు ఎక్కించారు, పేరు చెప్పమన్నారు, ఇంటిపేరు చెప్పినట్టు గుర్తు. లేచేసరికి అరగంట గడిచింది. కడుపులో గాలి, పక్క మంచాల వాళ్లు సంకోచం లేకుండా వదులుతున్నారు, నేనూ వదిలాను.

రిపోర్టుతో పాటు రంగు ఫోటోలు ఇచ్చారు. లేత గులాబీ రంగు సొరంగం, మడతలు మడతలుగా, మెరుస్తూ. బోర్డు మీద రెండు గీతలు గీసి పెద్దపేగు అని ఇన్నేళ్లు చెప్పింది దీన్నా అనిపించింది. నాలుగో ఫోటోలో, ఎడమవైపు పేగు చివర మలుపులో, సన్నటి కాడ మీద పుట్టగొడుగులాంటిది వేలాడుతోంది. 12 మిల్లీమీటర్లు. పాలిప్, అంటే పేగు లోపలి పొర మీద పెరిగే పిలక. వైరు ఉచ్చు వేసి, కరెంటుతో కాల్చి, అక్కడికక్కడే తీసేశారు. గట్టి మలం ఒరుసుకుపోయినప్పుడల్లా అదే కాస్త కాస్త కారి ఉంటుందన్నారు.

తీసిన ముక్కని పరీక్షించే బయాప్సీకి వారం. ఆ వారం గురించి రాయబుద్ధి కావడం లేదు. వంట చేశాను, పేపర్లు దిద్దాను, అంతే.

'అడినోమా, లో గ్రేడ్' అని వచ్చింది. క్యాన్సర్ కాదు. వదిలేస్తే అన్నీ కాదు గాని కొన్ని అలా మారతాయి, మారడానికి చాలా ఏళ్లు, పదేళ్ల దాకా పడుతుంది. సెంటీమీటరు దాటింది కాబట్టి మూడేళ్లకి మళ్లీ చూడాలి. నా రక్తం తగ్గడానికి ఇదొక్కటే కారణమా అని అడిగాను. కాకపోవచ్చు, నెలసరిదే పెద్ద వాటా అయి ఉంటుంది, దానికి గైనిక్ దగ్గరికి వెళ్లండి అన్నారు. అంటే మొదటి డాక్టరమ్మ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. తలెత్తి ఇంకో ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదన్నదే నా కోపం.

ఇక మలబద్ధకం. దీనికి మందు కంటే టైంటేబుల్ మార్చడం కష్టమైంది. ఇప్పుడు నాలుగున్నరకి లేస్తున్నాను. గోరువెచ్చటి నీళ్లు, టీ, ఆ వెంటనే ఏదో ఒకటి తినడం, తిన్న పావుగంటకి వచ్చినా రాకపోయినా వెళ్లి కూర్చోవడం. ఫోన్ బయట. పది నిమిషాలు దాటితే లేచిపోవడం. కాళ్ల కింద మా అత్తమ్మ కూరగాయలు తరిగే పీట. కింద కూర్చున్నప్పుడు పురీషనాళాన్ని కొక్కెంలా పట్టి వంచి ఉంచే కండరం వదులై దారి తిన్నగా అవుతుంది, కుర్చీలో కూర్చుంటే పూర్తిగా వదలదు. మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉండేలా పీట వేసుకుంటే సగం దొడ్డి, సగం కమోడ్. పీట పోయిందని అత్తమ్మ రెండు రోజులు అలిగింది, ఇంకోటి కొన్నాం.

ఇసబ్గోల్‌తో మొదట దెబ్బతిన్నాను. చెంచాడు పొడి అరగ్లాసు నీళ్లలో కలుపుకుని పడుకున్నాను. మర్నాడు రాకపోగా కడుపు రాయిలా అయింది. ఆ పొట్టు నీళ్లు తాగి ఉబ్బితేనే పని చేస్తుంది, నీళ్లివ్వకపోతే అదే అడ్డం పడుతుంది. ఇప్పుడు నిండు గ్లాసు, దాని మీద ఇంకో గ్లాసు. జొన్నరొట్టె, తోటకూర, గోరుచిక్కుడు ఒకేసారి పెంచేసి రెండు వారాలు గ్యాస్‌తో స్టాఫ్‌రూంలో కిటికీ పక్కకి మారాను. మెల్లగా పెంచాలి. డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్ ఉగాండాలో పనిచేసిన రోజుల్లో, పీచు బాగా తినే పల్లెల జనానికి మలం ఎక్కువగా, మెత్తగా, త్వరగా వస్తుందని గమనించి, పాశ్చాత్యుల పేగు జబ్బులకి పీచు తగ్గడమే కారణమని 1970లలో వాదించాడు. అన్నీ ఆయన అన్నట్టే తేలలేదు. కాని మా నాయనమ్మ జొన్నసంకటి తిని ఏ రోజూ ఆముదం తాగలేదు, మాకే పట్టేది. ఇదెక్కడి న్యాయమని అప్పుడు అనుకునేదాన్ని.

స్టాఫ్‌రూంలో హాజరు పట్టీ సంగతి చెప్పేశాను. మొదట ఇబ్బంది, తర్వాత నవ్వులు, తర్వాత ఒక్కొక్కరే పక్కకి పిలిచి అడగడం. ఆరుగురం కలిసి వెళ్లి హెడ్‌మాస్టర్ గారి దగ్గర గొళ్లెం గురించి మాట్లాడాం. ఆయన ముఖం ఎర్రబడింది గాని, పది రోజుల్లో గొళ్లెం పడింది. నీళ్లకి ఇంకా డ్రమ్మే.

సంక్రాంతి వెళ్లాక ఒక రాత్రి ల్యాబ్ అబ్బాయి ఫోన్ చేశాడు.

"టీచర్, మా నాన్నకి రెండు రోజుల నుంచి నల్లగా పోతోందంట. మీకూ అట్లాగే అయిందని గుర్తొచ్చి..."

"ఐరన్ మాత్రలేమైనా వాడుతున్నాడా?"

"లేదు టీచర్. మోకాళ్ల నొప్పులకి షాపులో తెచ్చిన బిళ్లలే. మిర్చి కోతలని రోజూ వేసుకుంటున్నాడు."

"నాలుగైదు వారాల నుంచా?"

"ఇంకా ఎక్కువే."

"ఎట్లా ఉందో చూశావా?"

"చూశాను టీచర్. తారులా ఉంది. నీళ్లు కొట్టినా పోవట్లేదు. వాసన ఎట్లా ఉందంటే, ల్యాబ్‌లో ఇన్నేళ్లున్నా నేను తట్టుకోలేకపోయాను."

నాది బొగ్గులా ఉండేది గాని అంటుకునేది కాదు, ఆ వాసనా లేదు. ఇది వేరు. పైన, జీర్ణాశయంలో కారిన రక్తం పేగుల వెంట వస్తూ అరిగి ఇలా అవుతుంది.

"లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా?"

"పొద్దున గడపలో కూలబడ్డాడు టీచర్."

"బాబూ, తెల్లారేదాకా ఆగొద్దు. ఇప్పుడే బండి మాట్లాడు. ఆ బిళ్లల అట్ట కూడా తీసుకుని వెళ్లు."

అర్ధరాత్రి చేర్పించారు. ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయంలో పుండు, కారుతూ ఉంది. లోపలి నుంచే ఆపారు, రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. నాలుగో రోజు ఇంటికి పంపారు. నేను ఫోన్ చేద్దామా వద్దా అనుకుంటూ ఉండగానే ఇంకో వారానికి, పొద్దున ఆరున్నరకి, నేను పీట మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్న వేళకి, బయట టేబుల్ మీద ఫోన్ మోగింది. వచ్చి చూస్తే మెసేజ్.

"గుడ్ మార్నింగ్ టీచర్. నాన్నకి ఇవ్వాళ మామూలు రంగు. నాలుగో రకం."